21 మందిలో చోటు: పర్లాకిమిడి నుంచి జాతీయ క్యాంపు దాకా

జాతీయ ఫుట్‌బాల్ జట్టు సెలక్షన్ గురించి మా వైపు రెండే మాటలు వినిపిస్తాయి. బాగా ఆడితే తీసుకుంటారు. తీసుకోలేదంటే ఎవరిదో పైరవీ. నేను ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి అమ్మాయిని. 2022 అక్టోబరులో మన దేశంలో జరిగిన అండర్-17 మహిళల ప్రపంచకప్‌కి జట్టును తయారుచేస్తున్న రోజుల్లో జాతీయ క్యాంపు దాకా వెళ్ళాను. చివరి జట్టులో నా పేరు రాలేదు. ఇప్పుడు మా గ్రౌండుకి వచ్చే చిన్నపిల్లల అమ్మానాన్నలు నన్ను ఆపి అడుగుతుంటారు, "సెలక్షన్లో ఏం చూస్తారమ్మా?" అని. గ్రౌండు గట్టున నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు. అందుకే రాస్తున్నాను.

ముందు జట్టు లెక్క చెప్పాలి. అండర్-17 ప్రపంచకప్‌కి ఒక్కో దేశం ఇచ్చే చివరి జాబితాలో 21 మంది ఉంటారు. అందులో ముగ్గురు గోల్‌కీపర్లు. మిగిలింది 18 మంది. గ్రౌండులో కీపరు కాక పది స్థానాలు. అంటే ఒక్కో స్థానానికి ఇద్దరు కూడా పూర్తిగా రారు. పెద్దవాళ్ళ జట్లలో కాస్త వెసులుబాటు ఉంటుంది. 2022 పురుషుల ప్రపంచకప్‌లో 26 మందిని తీసుకెళ్ళనిచ్చారు, 2023 మహిళల ప్రపంచకప్‌లో 23 మందిని. పిల్లల టోర్నీలో అదీ లేదు. కాబట్టి లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడంవైపు వెనక ఉండి ఎదుటివాళ్ళని అడ్డుకునే స్థానంలో ఆడే అమ్మాయికి పోటీ దేశంలో ఉన్న ఆటగాళ్ళందరితో కాదు, మిగతా లెఫ్ట్ బ్యాక్‌లతోనే. అలాగే రెండు స్థానాల్లో ఆడగలిగిన అమ్మాయికి ఒక్క స్థానంలోనే ఆడే అమ్మాయి కన్నా విలువ ఎక్కువ. ఈ లెక్క అర్థమైతే నేను చెప్పబోయేదంతా అర్థమవుతుంది.

మా ఊరి గురించి తెలియనివాళ్ళ కోసం కొంచెం. పర్లాకిమిడి దాటి కొంచెం దూరం వెళ్తే ఆంధ్రాలోని పాతపట్నం వస్తుంది. పక్కనే మహేంద్రతనయ నది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ. నాన్నకి చిన్న టైలరింగ్ షాపు. ఫుట్‌బాల్ మా దగ్గర కొండ ఊళ్ళ ఆట. గుమ్మ వైపు నుంచి, మోహనా వైపు నుంచి సవర కుర్రాళ్ళ జట్లు టోర్నమెంట్లకి దిగివస్తాయి. వాళ్ళ పరుగు చూసినవాళ్ళు ఇంకో ఆట చూడరు. అమ్మాయిల ఆట మాత్రం ఉండేది కాదు. నేను అన్నయ్యతో, వాడి స్నేహితులతో ఆడి నేర్చుకున్నాను. నాది ఎడంకాలు. అన్నం కుడిచేత్తోనే తింటాను, పెన్ను కుడిచేత్తోనే పడతాను. బంతి దగ్గరికొస్తే మాత్రం ఎడంకాలే ముందుకొస్తుంది. బడిలో పీఈటీ సార్ ఒక్కరే దాన్ని గమనించారు. "దీన్ని మార్చుకోకు. కుడికాలు కూడా నేర్చుకో, కానీ దీన్ని మార్చుకోకు" అన్నారు. అప్పట్లో ఆ మాట విలువ నాకు తెలియలేదు.

జిల్లా సెలక్షన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వచ్చిన అమ్మాయిలే తక్కువ. పరిగెత్తగలిగిన ప్రతివాళ్ళకీ చోటు దొరికింది.

భువనేశ్వర్‌లో రాష్ట్ర సెలక్షన్ అలా కాదు. బస్సులో బరంపురం, అక్కడి నుంచి రైలు. సుందర్‌గఢ్, మయూర్‌భంజ్, కేంద్రపడా నుంచి వచ్చిన అమ్మాయిలు స్పోర్ట్స్ హాస్టళ్ళలో ఏళ్ళ తరబడి రోజూ రెండు పూటలా ప్రాక్టీసు చేసినవాళ్ళు. భారత మహిళల జట్టుకి కెప్టెన్‌గా చేసిన సస్మిత మల్లిక్ కేంద్రపడా అమ్మాయే అని అక్కడే తెలిసింది. నేను వింగర్‌నని, అంటే అంచు వెంట ముందుకెళ్ళి ఆడేదాన్నని చెప్పుకున్నాను. వింగర్లమని చెప్పినవాళ్ళం ఒక వరుస నిండా ఉన్నాం! ఆ ఏడాది గోడకి అంటించిన కాగితంలో నా పేరు లేదు. ఎందుకు లేదో చెప్పేవాళ్ళు లేరు. నాన్న వెళ్ళి అడిగితే "వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. అక్కడే కూర్చున్న ఒకాయన మా ఇంటిపేరు చూసి, "మీరు ఆంధ్రావాళ్ళు కదా, అమ్మాయిని అటువైపు ఆడించుకోవచ్చుగా" అన్నాడు. నాన్న కోపం తెచ్చుకోలేదు. ఒడియాలోనే చెప్పారు, "మా తాత పుట్టినప్పుడు మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉందండీ. 1936లో ఒడిశాలో కలిసింది. మేం ఎక్కడి నుంచీ రాలేదు, ఉన్నచోటే ఉన్నాం." ఆయన ఇంకేమీ అనలేదు. ఆ కాగితం ముందు నాతోపాటు ఇంకా చాలామంది నిలబడ్డారు. మయూర్‌భంజ్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి తన పేరు లేదని నమ్మలేక కాగితాన్ని కింది నుంచి పైకి, పై నుంచి కిందికి వేలుతో చదువుకుంటూ ఉండిపోయింది. ఒక్క వాక్యం చాలు. నీకు పరుగు తక్కువైంది, లేదా నీ స్థానానికి ఇద్దరు ఉన్నారు. ఆ ఒక్క వాక్యం చెప్పకపోవడం నాకు అప్పుడూ అన్యాయంగానే అనిపించింది, ఇప్పుడూ అంతే.

మరుసటి ఏడు ప్రాక్టీసు మ్యాచ్ మధ్యలో ఒక కోచ్ సార్ ఆట ఆపి, "మీలో ఎడంకాలు ఎవరిది?" అని అడిగారు. చేతులెత్తింది ఇద్దరమే. నన్ను వెనక్కి పంపి లెఫ్ట్ బ్యాక్‌గా నిలబెట్టారు. ముందుకెళ్ళి గోల్ కొట్టాలనుకునే పిల్లకి వెనక నిలబడమంటే ఏడుపొస్తుంది. నాకూ వచ్చింది. కానీ రాష్ట్ర జట్టు కాగితం మీద నా పేరు పడింది ఆ స్థానం వల్లే. వింగర్‌గా పడి ఉండేది కాదు.

తర్వాత కరోనా. అండర్-17 మహిళల ప్రపంచకప్ అసలు 2020లోనే మన దేశంలో జరగాల్సింది. ముందు 2021కి వాయిదా వేశారు, 2020 నవంబరులో మొత్తానికే రద్దు చేసి, 2022 టోర్నీని మళ్ళీ భారత్‌కే ఇచ్చారు. ఊళ్ళో అందరూ "పోనీలే, మళ్ళీ మనకే ఇచ్చారుగా" అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు రాష్ట్ర క్యాంపులో పరిచయమైన ఒక అక్క గుర్తొచ్చేది. ఆమె 2003లో పుట్టింది. 2020 టోర్నీకి వయసు సరిగ్గా సరిపోతుంది. 2022 టోర్నీకి 2005 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. అంటే దేశానికి ప్రపంచకప్ మళ్ళీ వచ్చింది, ఆమెకి రాలేదు. ఆమె ఆటలో లోపం లేదు, ప్రాక్టీసులో లోపం లేదు, పుట్టిన ఏడాది తప్ప. నేను 2005 ఫిబ్రవరిలో పుట్టాను. రెండు నెలలు ముందు పుట్టి ఉంటే రాయడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. లాక్‌డౌన్లో నది ఒడ్డున పొద్దున్నే పరిగెత్తేదాన్ని. ఫోన్లో ఆ అక్క నా పరుగు టైము అడిగి రాసుకునేది. తనకి ఆ దారి మూసుకుపోయాక కూడా నా టైము అడగడం మానలేదు.

ఇక కాగితాల సంగతి. దీన్ని పెద్దగా రాస్తున్నందుకు విసుక్కోకండి. సరిహద్దు ఊళ్ళ పిల్లలకి ఆటకన్నా ముందు ఇక్కడే కాలు జారుతుంది.

మన ఆచారం ప్రకారం కాన్పు పుట్టింట్లో. మా అమ్మ పుట్టిల్లు పాతపట్నం. కాబట్టి నా పుట్టుక నమోదైంది ఆంధ్రాలో, పెరిగిందీ చదివిందీ ఒడిశాలో. పుట్టినప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్‌లో పిల్ల పేరు రాసే గడి ఖాళీ. బారసాల కాకముందే నమోదు చేయించారు మరి. బడి రిజిస్టరులో ఇంటిపేరు చివర్లోకి వెళ్ళింది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమైపోయింది. అమ్మ పేరు ఒకచోట పుట్టింటి ఇంటిపేరుతో, ఇంకోచోట అత్తింటి ఇంటిపేరుతో ఉంది. పేర్లు చూసి మమ్మల్ని ఎరిగినవాళ్ళెవరైనా ఒకే మనిషి అంటారు. కంప్యూటరు అనదు.

జాతీయ ట్రయల్స్‌కి పేరు వెళ్ళాలంటే ఈ కాగితాలన్నీ ఒకే మనిషివి కావాలి. ఫుట్‌బాల్ సమాఖ్య దగ్గర ప్రతి ఆటగాడికీ ఒక కేంద్ర రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. అందులో ఎక్కిన పేరు, పుట్టిన తేదీ తర్వాత మీ వెంటే తిరుగుతాయి. బయటి దేశంలో మ్యాచ్‌లంటే పాస్‌పోర్టు కావాలి. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి తల్లిదండ్రులిద్దరి అంగీకార పత్రం కావాలి. ఒక్కోసారి పోలీసు విచారణ కూడా ఉంటుంది. నాన్న షాపు మూసుకుని పాతపట్నం వెళ్ళి, సర్టిఫికెట్‌లో పేరు చేర్పించడానికి తిరిగారు. పిల్ల పేరును తర్వాత చేర్చుకోవచ్చు, దానికి పదిహేనేళ్ళ గడువు ఉంటుంది. మాకు ఆ గడువు అంచుకొచ్చింది. ఒక కార్యాలయంలో మా పేరును తప్పు స్పెల్లింగ్‌తో టైపు చేసి, దిద్దడానికి మళ్ళీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టమన్నారు. నాన్న ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, "గుంట ఆడుతుంది, నేను పరిగెడుతున్నాను" అన్నారు. అమ్మ వెంటనే, "పరిగెత్తండి. రేపు దాని పేరు తప్పుగా పిలిస్తే మీరేటి చేస్తారు?" అంది.

పిల్లల అమ్మానాన్నలకి ఒక్కటే చెప్తాను. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు, ఇబ్బంది లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్ళాలి. పుట్టిన తేదీ ఆలస్యంగా నమోదైన పిల్లని ఆటల్లో అనుమానంగా చూస్తారు, ఆ అనుమానం పిల్ల మొహం మీదే పడుతుంది. కొండ ఊళ్ళలో చాలామందికి బడిలో చేర్చినరోజు మాస్టారు వేసిన తేదీయే పుట్టినతేదీ. ఆ పిల్లలు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళ తరఫున అబద్ధం ఎవరూ చెప్పలేదు కూడా. అయినా పరీక్షకి నిలబడాల్సింది వాళ్ళే. వయసు మోసాలు ఆపడానికి కేంద్ర క్రీడాశాఖ 2010లో తెచ్చిన నియమావళి ప్రకారం శరీరం, పళ్ళు, ఎముకలు చూసి వయసు అంచనా వేస్తారు. మగపిల్లల అండర్-17 ప్రపంచకప్‌కి 2009 నుంచి ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా మణికట్టు ఎంఆర్ఐ తీయిస్తోంది. అక్కడ ఎముక చివరి పెరుగుదల గీత పూర్తిగా పూడిపోయి కనిపిస్తే ఆ అబ్బాయి ఆడలేడు. నాకు మణికట్టు ఎక్స్-రే తీశారు. నా వయసు నాకు తెలుసు, కాగితం ఉంది, ఏ దాపరికమూ లేదు. అయినా చెయ్యి ఆ పలక మీద పెట్టినప్పుడు వేళ్ళు చల్లబడిపోయాయి. నా ఎముక నా మాట నిజమని చెప్తుందా అనే టెన్షన్ ఎలాంటిదో అనుభవిస్తేనే తెలుస్తుంది.

2022లో ఆ జట్టు తయారీ ఎక్కువగా జంషెడ్‌పూర్‌లో జరిగింది. మార్చిలో అక్కడే దక్షిణాసియా అండర్-18 అమ్మాయిల టోర్నీ జరిగితే మనవాళ్ళు గెలిచారు. కోచ్ స్వీడన్‌కి చెందిన థామస్ డెన్నర్బీ. 2011 మహిళల ప్రపంచకప్‌లో స్వీడన్‌ని మూడో స్థానంలో నిలబెట్టిన మనిషి. క్యాంపుకి నాకు పిలుపొచ్చినప్పుడు పీఈటీ సార్ ఇంటికొచ్చి నాన్నతో, "సెలక్ట్ అయిందని ఊళ్ళో చెప్పకండి, చూడ్డానికి పిలిచారని చెప్పండి" అన్నారు. ఆ మాట నన్ను చాలా కాపాడింది. మాతో వచ్చిన ఒక అమ్మాయికి వాళ్ళ ఊళ్ళో ముందే దండలేసి ఊరేగించారు. ఆమె మోసిన బరువు నేను మోయలేదు.

క్యాంపులో ముందు బంతి ఇవ్వలేదు. రక్తం తీశారు. ఆడవాళ్ళలో హిమోగ్లోబిన్ 12కి తగ్గితే రక్తహీనత కింద లెక్క. నాది తగ్గింది. నాకే కాదు, పల్లెల నుంచి వచ్చిన చాలామందికి అదే మాట. ఇంటి దగ్గర పొద్దున్నే తరవాణి అన్నం తిని గ్రౌండుకి పోయేదాన్ని, కడుపు నిండేది, రక్తం నిండలేదు. ఐరన్ మాత్రలు ఇచ్చి, టీ తాగిన వెంటనే వేసుకోవద్దని చెప్పారు. గుడ్లు, ఆకుకూరలు, పప్పు, మాంసం ఎంత తినాలో ఒకామె కూర్చోబెట్టి చెప్పింది. ఆటలో ఊపిరి అందకపోవడానికి కారణం పట్టుదల లేకపోవడం కాదని, రక్తంలో ఇనుము లేకపోవడమని నాకు పదిహేడేళ్ళకి తెలిసింది. జిల్లా స్థాయిలోనే పిల్లలకి ఈ పరీక్ష చేయిస్తే ఎంత బాగుంటుందో!

తర్వాత యో-యో పరీక్ష. ఇరవై మీటర్లు వెళ్ళి ఇరవై మీటర్లు వెనక్కి రావాలి, వచ్చాక పది సెకన్ల విరామం, బీప్ వేగం పెరుగుతూ పోతుంది. రెండుసార్లు బీప్‌ని అందుకోలేకపోతే బయటికి. లైను దగ్గర ఆగి తిరిగే తీరు ముఖ్యం. మణిపూర్ అమ్మాయిలు ఎంత తేలిగ్గా తిరుగుతారో, అదేదో పుట్టుకతో వచ్చినట్టు ఉంటుంది. నేను మధ్యలో నిలిచాను. మొదట్లో బయటికొచ్చినవాళ్ళలో లేను, చివరిదాకా ఉన్నవాళ్ళలోనూ లేను.

అసలు పాఠం మైదానంలో వచ్చింది. బంతి నా దగ్గర ఉన్నప్పుడు నేనేం చేస్తానో ఇన్నాళ్ళూ అందరూ చూశారు. ఇక్కడ బంతి నా దగ్గర లేనప్పుడు ఏం చేస్తానో చూశారు. ఒక సాయంత్రం మా ఆట వీడియో వేశారు. బంతి కుడివైపు అంచున ఉంది. అప్పుడు లెఫ్ట్ బ్యాక్ లోపలికి, వెనక వరుస మధ్యలో నిలబడే సెంటర్ బ్యాక్‌కి దగ్గరగా జరగాలి, శరీరం సగం తిప్పి బంతినీ, తన వెనక ఉన్న వింగర్‌నీ రెండింటినీ చూడగలగాలి. తెర మీద నేను బంతినే చూస్తున్నాను. నా వీపు వెనక నుంచి ఎదుటి జట్టు అమ్మాయి గోల్ దూరపు పోస్టు దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళింది. పరిగెత్తలేదు, నడిచి వెళ్ళింది. అకాడమీల్లో పెరిగినవాళ్ళకి ఇది పన్నెండేళ్ళకే ఒంటికి పట్టేస్తుంది. మాకు చెప్పినవాళ్ళు లేరు. ఆ వీడియో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బాధతో కాదు. ఆటంటే ఇంత ఉందా అని. మర్నాటి నుంచి ప్రతి రెండు సెకన్లకీ మెడ తిప్పి వెనక్కి చూడడం అలవాటు చేసుకోవడం మొదలుపెట్టాను.

భాష కష్టమేమో అని భయపడ్డాను. నా హిందీ అంతంతమాత్రం. కానీ అక్కడ హిందీ సరిగా రానివాళ్ళు చాలామంది ఉన్నారు. జార్ఖండ్ అమ్మాయిల్లో ఒకామెకి ఒడియా కొంచెం వచ్చు, ఆమే నాకు అన్నీ చెప్పేది. మైదానంలో "మ్యాన్ ఆన్", "టైమ్", "టర్న్", "హోల్డ్" తప్ప పెద్దగా మాటలు అవసరం రాలేదు.

పేర్లు తగ్గించే రోజు గోడకి కాగితం అంటించలేదు. ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచారు. కోచింగ్ బృందంలోని ఒక మేడం నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ముందే చెప్పేశారు, "ఈసారి నిన్ను ముందుకి తీసుకెళ్ళడం లేదు." తర్వాత కారణం చెప్పారు. లెఫ్ట్ బ్యాక్‌కి నాకన్నా ముందు ఇద్దరు ఉన్నారు. 21 మందే కాబట్టి మూడో లెఫ్ట్ బ్యాక్‌ని తీసుకోవాలంటే ఆమె సెంటర్ బ్యాక్ కూడా ఆడగలగాలి. నా ఎత్తుకి, తలతో ఆడే ఆటకి అది కుదరదు. నా రెండో స్థానం లెఫ్ట్ వింగ్. అక్కడ ఇప్పటికే ఎక్కువమంది ఉన్నారు. నా ఎడంకాలి క్రాస్, అంటే అంచు నుంచి గోల్ ముందుకి కొట్టే బంతి, ఆ గుంపులో మంచివాటిలో ఒకటని కూడా చెప్పారు. ఏడుస్తూనే అడిగాను, "నేను ఏం చెయ్యాలి మేడం?" అని. రక్తం సంగతి చూసుకోమన్నారు, కుడికాలితో పాస్ నేర్చుకోమన్నారు, ప్రతి వారం పూర్తి మ్యాచ్ ఆడే చోట చేరమన్నారు. "ప్రాక్టీసు కాదు, మ్యాచ్" అని రెండుసార్లు అన్నారు.

నాకు దక్కింది పెద్దదే. ఎందుకు తీసుకోలేదో తెలిసింది. గోడకి అంటించిన కాగితం ముందు నిలబడ్డప్పుడు నేను పనికిరానేమో అనుకున్నాను. ఈ గదిలోంచి బయటికొచ్చినప్పుడు ఫలానా స్థానానికి, ఫలానా కారణానికి కుదరలేదని అనుకున్నాను. రెండోదానితో మనిషి మళ్ళీ బూట్లు వేసుకోగలదు. రైల్లో ఏడ్చాను, అది వేరే.

ఆ ఆగస్టులో ఇంకో దెబ్బ. పాలనలో బయటివాళ్ళ జోక్యం ఉందని ఫిఫా మన సమాఖ్యను సస్పెండ్ చేసింది. ప్రపంచకప్ ఇక్కడ జరుగుతుందో లేదో తెలియదు. నెలాఖరుకి సస్పెన్షన్ ఎత్తేశారు గానీ, ఆ పది పన్నెండు రోజులు క్యాంపులో మిగిలిన అమ్మాయిల గురించే ఆలోచించాను. 2003లో పుట్టిన అక్కలకి జరిగిందే వీళ్ళకీ జరుగుతుందేమోనని. జట్టులో లేకపోయినా నాకు ఆ భయం సొంత భయంలాగే ఉండింది.

అక్టోబరు 11న భువనేశ్వర్ కళింగ స్టేడియంలో అమెరికాతో మొదటి మ్యాచ్. నాన్న, నేను గ్యాలరీలో ఉన్నాం. కెప్టెన్ అస్తం ఉరాంవ్, జార్ఖండ్ గుమ్లా జిల్లా అమ్మాయి, డిఫెండర్. ఆమె ఇంటికి రోడ్డు వేస్తుంటే ఆ పనిలో ఆమె అమ్మానాన్నలే కూలీలుగా చేశారని పేపర్లలో వచ్చింది. ఆ జట్టులో జార్ఖండ్ అమ్మాయిలు ఆరుగురు. 0-8 తేడాతో ఓడిపోయాం. మొరాకోతో 0-3, బ్రెజిల్‌తో 0-5. ఒక్క గోలూ కొట్టలేదు. తర్వాత కొన్ని వారాలు ఊళ్ళో, ఫోన్లో ఆ ఎనిమిది గోల్స్ గురించి నవ్వినవాళ్ళని చూశాను. నేను నవ్వలేకపోయాను, ఊరుకోలేకపోయాను కూడా. అమెరికా లెఫ్ట్ వింగర్ ఎలా కదులుతుందో, మన రైట్ బ్యాక్ ఎన్నిసార్లు మెడ తిప్పి చూసుకుందో నాకు కనబడుతూనే ఉంది. ఆ అమ్మాయిలు చిన్నప్పుడు ఏటా ఎన్ని పోటీ మ్యాచ్‌లు ఆడి ఉంటారు, మన అమ్మాయిలు ఎన్ని ఆడి ఉంటారు? జట్టుని చివరి ఏడాదిలో ఎంత బాగా ఏరినా, ఏరడానికి వచ్చినవాళ్ళకి పన్నెండేళ్ళ వయసులో మ్యాచ్‌లు లేకపోతే తేడా అక్కడే పడుతుంది. మొరాకోకి కూడా అదే మొదటి అండర్-17 మహిళల ప్రపంచకప్. వాళ్ళు మనతో గెలిచారు. అది చూసి నాకు బాధ కన్నా ఆశే ఎక్కువ కలిగింది. మొదటిసారి వచ్చినవాళ్ళు గెలవగలరని కళ్ళతో చూశాను కాబట్టి.

ఇప్పుడు డిగ్రీ చదువుతూ బరంపురంలో మ్యాచ్‌లు ఆడుతున్నాను. సెలవుల్లో ఇంటికొస్తే పీఈటీ సార్‌తో కలిసి పిల్లలకి నేర్పుతాను. ప్రతి వారం ఒక పూర్తి మ్యాచ్ ఉండాలని పట్టుబట్టాను. అమ్మాయిలు చాలకపోతే అబ్బాయిలని కలిపి ఆడిస్తాం. చిన్నపాటి సెలక్షన్ ఏదైనా చేస్తే, రానివాళ్ళని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి కారణం చెప్తాం. పదేళ్ళ పిల్లకైనా సరే. సార్ మొదట్లో "అంత అవసరమా అమ్మా" అన్నారు. ఇప్పుడు ఆయనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు.

ఒక మంచి మార్పు వచ్చింది, అది అమ్మానాన్నలు తెలుసుకోవాలి. ఈ ప్రపంచకప్ ఇదివరకు రెండేళ్ళకోసారి. పుట్టిన ఏడాది కలిసిరాకపోతే అంతే సంగతులు. 2025 నుంచి ఏటా జరుగుతోంది. 2029 దాకా మొరాకోలోనే, 16 జట్లకి బదులు 24 జట్లతో. అంటే ఏ ఏడాది పుట్టిన పిల్లకైనా తన వయసు వాళ్ళతో ఆడే టోర్నీ ఒకటి ఉంటుంది. 2025లో మన అండర్-17 అమ్మాయిలు ఉజ్బెకిస్తాన్‌ని ఓడించి ఆసియా కప్‌కి అర్హత సాధించారు. పెద్దవాళ్ళ జట్టు థాయ్‌లాండ్‌ని ఓడించి 2026 ఆసియా కప్‌కి వెళ్ళింది.

మా గ్రౌండుకి గుమ్మ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే ఒక సవర పిల్ల వస్తుంది. ఎడంకాలు. మొదటిరోజే, "నేను ముందర ఆడతాను అక్కా, గోల్స్ కొడతాను" అంది. ఆడమన్నాను. వారానికి ఒక సగం మ్యాచ్ మాత్రం లెఫ్ట్ బ్యాక్‌గా ఆడిస్తున్నాను, ఎందుకో కూడా చెప్పాను. 2012లో పుట్టిందని వాళ్ళ నాన్న అన్నాడు. అది నిజమైతే 2029 టోర్నీకి సరిగ్గా సరిపోతుంది. బడి రిజిస్టరులో తేదీ ఉంది, పుట్టిన సర్టిఫికెట్ లేదు. వచ్చే సోమవారం మా నాన్న, వాళ్ళ నాన్న కలిసి తహసీల్దారు ఆఫీసుకి వెళ్తున్నారు.